తూకానికి కొన్న కరెంటు పెట్టె

2011 సెప్టెంబరు 13, మంగళవారం, ఉదయం పదకొండు దాటి పది నిమిషాలు. కోరుట్లలో మా బిడ్డ నడిపే ఇంటర్నెట్ సెంటరులో మొదటి కంప్యూటరు వెనుక టప్‌మని చప్పుడైంది. నేను గోడ గడియారానికి ఎదురుగా కూర్చుని ఉన్నాను కాబట్టి సమయంలో పొరపాటు లేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది ఆ రోజే. బయట ఊరేగింపు డప్పులు వినిపిస్తున్నాయి. కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. మూడోసారి వచ్చినప్పుడు పైన ఫ్యాను ఉన్నట్టుండి గట్టిగా తిరిగింది. ఆ వెంటనే చప్పుడు, దాని వెనుకే కాలిన వాసన.

పోయింది ఎస్ఎంపీఎస్. కంప్యూటరు డబ్బాలో వెనుకవైపు చిన్న ఫ్యానుతో ఉండే ఇనుప పెట్టె అది. గోడలోంచి వచ్చే కరెంటును తగ్గించి, లోపలి భాగాలకు ఎంత కావాలో అంత పంచడం దాని పని. కంప్యూటరు కొనేవాళ్ళు ర్యాము ఎంత, హార్డ్ డిస్కు ఎంత అని అడుగుతారు. దీన్ని మాత్రం ఎవరూ అడగరు. డబ్బాతో పాటు ఏది వస్తే అదే. మా బిడ్డ కూడా అట్లాగే కొన్నది. యూపీఎస్ ఉండేది కానీ దాని బ్యాటరీ రెండో ఏటికే చచ్చిపోయింది. ఎర్ర లైటు వెలగడం తప్ప అది చేసే పని లేదు.

సెంటరు అంటే పెద్దది కాదు. రెండు కంప్యూటర్లు, ఒక కెమెరా, ఒక పొడవాటి బల్ల. అయినా శుక్రవారం వస్తే చోటు ఉండేది కాదు. గల్ఫ్‌లో ఆ రోజు సెలవు. అక్కడి మగవాళ్ళు సెంటర్లకు వచ్చి కూర్చుంటారు, ఇక్కడి ఆడవాళ్ళు మా దగ్గరికి వస్తారు. వంతు వచ్చేదాకా చాటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చేస్తూ కూర్చునేవారు. ఎవరి వంతు ఎప్పుడో చూసుకోవడం నా పని. జగిత్యాలలో మా ఇల్లు ఉన్నా, శుక్రవారాలకు నేనూ మా ఆయనా కోరుట్ల వచ్చేవాళ్ళం. సమ్మె వారం మాత్రం ముందుగానే వచ్చి ఉన్నాం.

అట్లా వచ్చేవాళ్ళలో పక్కనున్న ఇబ్రహీంపట్నం మండలంలోని ఒక ఊరి కోడలు ఉండేది. ఇరవై రెండేళ్ళు. మూడో నెల కడుపుతో ఉండగా ఆమె పెనిమిటి రెండేళ్ళ ఒప్పందం మీద గల్ఫ్‌కు పోయాడు. ఆడపిల్ల పుట్టింది. తండ్రి ఆ పిల్లను చూసింది మా సెంటరు తెర మీదనే. మొదటిసారి చూసినప్పుడు పిల్లకు ఇరవై ఆరు రోజులు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం మా బిడ్డ ఒక ఫొటో తీసి మొదటి కంప్యూటరులో దాచేది. తెర నిండా తండ్రి ముఖం, మూలకు చిన్న గడిలో తల్లి ఒళ్ళో పిల్ల. దసరాకు అన్నీ ఒక సీడీలో పెట్టి ఇస్తానని మాట ఇచ్చింది. సమ్మె మొదలయ్యేనాటికి పిల్లకు పదకొండో నెల.

మా ఆయన జగిత్యాలలో చాలా ఏళ్ళు రేడియోలు, టీవీలు బాగుచేశాడు. ఆ పని తగ్గాక కంప్యూటర్లకు దిగాడు. చౌక ఎస్ఎంపీఎస్‌లలో మంచిదేదో చూడడానికి ఆయనకు ఒక వరుస ఉండేది. మొదట అరచేతిలో పెట్టుకొని కళ్ళు మూసుకునేవాడు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టే ఉంటుంది చూస్తే. లోపల ట్రాన్స్‌ఫార్మరు పెద్దదైతే, వేడి లాగే అల్యూమినియం రెక్కలు మందంగా ఉంటే, పెట్టె బరువుగా ఉండక తప్పదు. తరువాత వైర్లను వేళ్ళతో నలిపి, పైన ప్లాస్టిక్ ఎంత, లోపల రాగి ఎంత అని చూసేవాడు. ఆ తరువాత ఫ్యాను జాలీలోంచి టార్చి వేసి లోపలికి తొంగిచూసేవాడు. చివరిది దీపాల పరీక్ష. ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే కంప్యూటరు లేకుండానే పెట్టె నడుస్తుంది. అప్పుడు పసుపు వైరుకు ఆటోల ముందు దీపాలు ఒకదాని తరువాత ఒకటి తగిలించి మీటరు చూస్తాడు. పన్నెండు వోల్టులు ఉండాలి. దీపాలు పెరుగుతున్నకొద్దీ అంకె కిందికి జారిపోతే, పెట్టె మీద చీటీ ఎన్ని వాట్లని చెప్పినా అబద్ధమే.

నాలుగూ చేయకుండా ఆయన ఎప్పుడూ కొనలేదు. ఆ బుధవారం తప్ప.

బుధవారం ఇంకా బస్సులు నడుస్తున్నాయి. ఇద్దరం జగిత్యాల పోయాం. కంప్యూటరు సామాన్ల దుకాణం షట్టరు సగం దించి ఉంది. మా దిక్కు మనుషులు దేన్నయినా తూచి నమ్ముతారు. పసుపు తూచి అమ్ముతాం, బీడీల ఆకు తూచి తెచ్చుకుంటాం. ఎస్ఎంపీఎస్ బరువుంటే మంచిదని మా ఆయనలాంటి మెకానిక్కుల నోటి నుంచి ఊరంతా పాకిపోయి, ఆ దుకాణదారు కౌంటరు మీద ఏకంగా కూరగాయల కాంటానే పెట్టుకున్నాడు. ఇటువంటి దుకాణాల్లో కాంటా ఉండడం ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. మా దగ్గర మాత్రం వచ్చినవాళ్ళు పేరు చూడరు, చీటీ చూడరు, కాంటా ముల్లు చూస్తారు.

అతడు ఒక పెట్టెను కాంటా మీద పెట్టి, "కాకా, నువ్వే జూడు. కిలో మీద మూడు వందల గ్రాములు. గింత బరువుది జగిత్యాలల నా తాన్నే ఉన్నది," అన్నాడు.

మా ఆయన చేతిలోకి తీసుకొని కళ్ళు మూసుకున్నాడు. ముఖం వెలిగింది. దీపాలు పెట్టి చూద్దామనేలోగా ఊరేగింపు మలుపు తిరిగింది. దుకాణదారు షట్టరు మీద చెయ్యి వేశాడు. చీటీ మీద అయిదు వందల వాట్లని ఉంది. మీటరుతో ఒక్కసారి పన్నెండు చూసి, ఒకటి పెట్టడానికి, ఒకటి ముందుజాగ్రత్తకు అని రెండు తీసుకున్నాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన ఆ రెంటినీ ఒళ్ళోంచి దించలేదు.

మొదటిది సరిగ్గా తొమ్మిది రోజులు నడిచింది. ఈలోగా బొగ్గు గనుల సమ్మెతో కరెంటు కోతలు పెరిగాయి. పందొమ్మిదో తేదీ నుంచి బస్సులు ఆగిపోయాయి. మేం కోరుట్లలోనే ఉండిపోయాం. మా బిడ్డ పొద్దున ధర్నా శిబిరంలో కూర్చుని, మధ్యాహ్నం గల్ఫ్ వాళ్ళ కోసం మాత్రం షట్టరు సగం ఎత్తేది. ఆ పని తప్పని శిబిరంలో ఎవరూ అనలేదు. వాళ్ళ ఇళ్ళల్లోనూ గల్ఫ్‌కు పోయినవాళ్ళున్నారు.

ఇరవై మూడు, శుక్రవారం. ఇబ్రహీంపట్నం కోడలి వంతు. తెర మీద ఇంకా మనిషి కనబడనే లేదు, పిలుపు గంట మోగుతోంది. కరెంటు ఒక్క కుదుపు కుదిపింది. కొత్త ఎస్ఎంపీఎస్‌లోంచి నిప్పురవ్వ, పొగ. పాతది పోయినప్పుడు అది ఒక్కటే పోయింది, కంప్యూటరు బతికింది. ఇది అట్లా కాదు. పోతూ పోతూ మదర్‌బోర్డునూ హార్డ్ డిస్కునూ తనతో తీసుకుపోయింది. హార్డ్ డిస్కు మీద చిన్న చిప్పు ఉబ్బి పగిలి ఉంది. ఫొటోలు అందులో ఉన్నాయి.

మా బిడ్డ ఆ డిస్కును గుడ్డలో చుట్టి బల్ల సొరుగులో పెట్టింది. ఫొటోల సంగతి ఆ కోడలికి చెప్పింది మా ఆయన. నా వల్లనే, దీపాలు పెట్టి చూడలేదు అని చెప్పాడు. ఆమె బీడీల చాట సర్దుకుంటూ, ఫొటోలు పోతే పోయాయి, మనిషి వచ్చే వారం కనబడతాడు కదా అని ఆయన్నే ఓదార్చింది.

ఆదివారం మళ్ళీ వచ్చింది. బస్సులు లేవు కాబట్టి కొంత దూరం ఆటోలో, కొంత దూరం నడిచి. పిల్లను చంకలోంచి దించకుండానే నాతో చెప్పింది.

"వచ్చే శుక్రారం ఒక్కటే ఉన్నదట అవ్వా. పొద్దుగాల ఫోన్ చేసిండు. ఇగ ఆయినెను ఎడారిల సైటుకు తోలుతున్నరట. గాడ నెట్టు లేదట. ఇంటికి అచ్చేదాంక మల్ల సూసుడు లేదు."

"ఎప్పుడు అస్తడు?" అని అడిగాను.

"వచ్చే ఉగాది దాటినంక. గీ పిల్ల ఇయ్యాల్నో రేపో నడుస్తది. నడుసుడు సూడాల్నంటున్నడు."

ఊళ్ళో మరో రెండు సెంటర్లున్నాయి. ఒకటి సమ్మెకు మద్దతుగా మూసి ఉంది, రెండోదాంట్లో కెమెరా లేదు. మా దగ్గర రెండో కంప్యూటరు ఉందిలే అని ధైర్యం చెప్పి పంపించాం. మరునాడు, సోమవారం మధ్యాహ్నం, దాని ఎస్ఎంపీఎస్ చప్పుడు లేకుండా ఆగిపోయింది. బోర్డు బాగానే ఉంది. ఇక మిగిలింది జగిత్యాలలో కొన్న రెండో పెట్టె.

మా బిడ్డ అదే పెడదామంది. ఒక్క శుక్రవారం నడిస్తే చాలు కదా, ఒకటి చెడ్డదైతే రెండోదీ చెడ్డదే కావాలని ఏముంది అంది. మా ఆయన ఆ కంప్యూటరు బోర్డు మీద దుమ్ము ఊది చూశాడు. ఉన్నది ఒక్కటే బోర్డు. దాన్నీ కాలిస్తే శుక్రవారం లేదు.

నేను ఆ పెట్టెను చేతిలోకి తీసుకున్నాను. మాది సిరిసిల్ల, సాంచాల ఇల్లు, అంటే మరమగ్గాలున్న ఇల్లు. మా నాయన నూలు తూచి తీసుకునేవాడు కానీ తూకం చూసి ఊరుకునేవాడు కాదు. నూలును తడిపి బరువు పెంచే వ్యాపారులుంటారు. అందుకని ఒక చిలపను, అంటే ఒక నూలు చుట్టను, ఎండలో వేసి, సాయంత్రం మళ్ళీ తూచేవాడు. ఎంత బరువుందో చూడడం సగం పని, ఆ బరువు దేనిదో చూడడం మిగతా సగం అనేవాడు. ఎస్ఎంపీఎస్‌ను ఎండబెట్టలేం. కానీ చేతిలో అది ఒక పక్కకు ఒరుగుతోంది. రెండు చేతులు మార్చి చూశాను. ఒరుగుతోంది.

"ఏమయ్యా, దీని కడుపుల పెద్ద వస్తువు యాడుంటది?" అని అడిగాను.

"నడుమ. ట్రాన్స్‌ఫార్మరు నడుమనే ఉంటది."

"మరి బరువంతా గీ మూలకున్నది."

ఆయన నవ్వాడు. "నూలు సూసినట్టు కరెంటును సూస్తవా?" అంటూనే పెట్టెను అందుకున్నాడు. కళ్ళు మూసుకోలేదు ఈసారి. స్క్రూ డ్రైవరు తెమ్మని బిడ్డకు సైగ చేశాడు.

మూత తీశాడు. మూలకు, మందంగా బంక పూసి, అరచేయంత ఇనుప పలక అతికించి ఉంది. దానికి ఏ వైరూ లేదు. నడుమ ఉన్న ట్రాన్స్‌ఫార్మరు అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. అల్యూమినియం రెక్కలు డబ్బా రేకంత పలుచన. వచ్చే కరెంటును వడగట్టే రాగి చుట్ట ఉండాల్సిన చోట వైరు ముక్క వంచి అంటించారు. కరెంటు హద్దు దాటితే తాను పగిలి మిగతావాటిని కాపాడే నీలం బిళ్ళ ఒకటి ఉంటుంది. దాని పేరు బోర్డు మీద అచ్చువేసి ఉంది, రెండు రంధ్రాలు ఉన్నాయి, బిళ్ళ లేదు.

దుకాణదారుకు ఇది తెలుసో తెలియదో నేను చెప్పలేను. బహుశా అతడూ కాంటానే నమ్మి ఉంటాడు. మనం తూచి కొంటామని ఎక్కడో కూర్చుని ఈ పెట్టెలు తయారుచేసేవాడికి తెలిసింది. వాడు పెట్టెలో బరువు పెట్టాడు.

అయినా మా ఆయన దీపాలు పెట్టి చూశాడు. ఒక దీపానికి అంకె పన్నెండు నుంచి పదకొండున్నరకు దిగింది. రెండో దీపానికి పది దగ్గరికి. దీపాలు రెండూ ఎర్రబడ్డాయి. మూడోది పెట్టలేదు. అయిదు వందల వాట్ల చీటీని గోటితో గీకి తీసి నా చేతిలో పెట్టి, "దాసుకో, నీకు లెక్కలిష్టం గద," అన్నాడు. శుక్రవారం నుంచి ఆయన మనసారా నవ్వడం అదే మొదటిసారి.

సిరిసిల్లలో మా తమ్ముడు, ఒక ఆఫీసు పాత సామాను వేలంలో పాడి కొన్న కంప్యూటరు ఒకటి ఉందని నాకు గుర్తుకొచ్చింది. చీరల అంచులు దాంట్లో గీద్దామని కొన్నాడు. నెల రోజులు గీసి, కాగితమే నయమని వదిలేశాడు. ఫోన్ చేస్తే, అది ఉందని, తానులు మడత పడకుండా వాటి మీద బరువుగా పెట్టానని చెప్పాడు. మా ఆయన ఫోన్ లాక్కొని, డబ్బా తెరిపించి, పెట్టె మీద ఏం రాసి ఉందో చదివించాడు. రెండు వందల వాట్లు.

మా బిడ్డ ముఖం చిన్నబోయింది. అయిదు వందలదే కాలిపోతే రెండు వందలది ఏం చేస్తుందని అడిగింది.

"బిడ్డా, మన కంప్యూటరుకు నూట ఇరవై సాలు," అన్నాడు మా ఆయన. "గంత తక్కువ అంకె రాసుకున్నోడు అబద్ధమాడి ఏం సంపాయించుకుంటడు?"

మా తమ్ముడు గురువారం పొద్దున మోపెడ్ మీద బయలుదేరి, సాయంత్రం అయిదున్నరకు వచ్చాడు. రెండు గంటల దారి. దారి పొడుగునా నిరసనగా రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. వచ్చినవాణ్ణి ఆపి, కూర్చోబెట్టి, వడ్డించి పంపిస్తున్నారట. పెట్టెను చీరలో చుట్టి, ఆ మూటను కాళ్ళ మధ్య పెట్టుకొని వచ్చాడు. బండి దిగీ దిగకముందే గుమ్మం దగ్గర మంచినీళ్ళడిగాడు.

"రెండు జాగల తిన్ననక్కా. మూడో జాగల వద్దన్న. నీకు తెలంగాణ వద్దా అని అడిగిండ్రు. గందుకని గాడ గూడ తిన్న."

మా ఆయన బామ్మర్దిని పలకరించకుండానే మూట విప్పాడు. ఆ పెట్టె ఇనుప పలకదాని కన్నా తేలిక. వైర్లు మాత్రం మందంగా ఉన్నాయి. టార్చి వేసి, నన్ను కూడా పిలిచి చూపించాడు. రాగి చుట్టలు రెండు, నీలం బిళ్ళ దాని చోట అది. దీపాలు పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. తెల్లగా వెలిగాయి. అంకె పన్నెండు కింద కొంచెం కదిలి అక్కడే నిలబడింది. పాతది కనుక పెద్ద ప్లగ్గుకు నాలుగు పిన్నులు తక్కువ, కానీ మా బోర్డుకు సరిపోయింది. మా తమ్ముడు ఆ మూడు దీపాలనూ చూస్తూ, ఇన్నాళ్ళూ దీన్ని తానుల మీద పెట్టానా అన్నాడు.

శుక్రవారం, ముప్పయ్యో తేదీ. ఆ కోడలు మధ్యాహ్నానికే వచ్చింది. తండ్రి ఎవరి చేతనో పంపిన వెండి గజ్జెలు పిల్ల కాళ్ళకు పెట్టింది. కోత మూడింటికి అయిపోవాలి, కాలేదు. అక్కడ అతడు సెంటరులో కూర్చుని ఉన్నాడు, మూడు సార్లు మిస్డ్ కాల్ ఇచ్చాడు. ఆమె బీడీలు చుట్టడం ఆపింది. అంతకు ముందు ఆమె చేతులు ఆగడం నేను చూడలేదు. నాలుగూ ఇరవైకి కరెంటు వచ్చింది. మా ఆయన వెంటనే ముట్టనివ్వలేదు. మీటరు గోడ ప్లగ్గులో పెట్టి, అంకె నిలకడగా ఉందని చూశాకే స్విచ్చి వేయమన్నాడు.

అతడు కనబడ్డాడు. తల దువ్వుకున్నాడు, కొత్త చొక్కా మడతలు ఇంకా పోలేదు. ఆమె సిగ్గుతో కెమెరా వైపు చూడలేక, "ఇగో, నీ బిడ్డ," అని పిల్లను దించి నిలబెట్టింది.

మేం కుర్చీలు జరిపి దారి చేశాం. కెమెరాను మా బిడ్డ చేత్తో పట్టుకొని కిందికి వంచింది. పిల్ల నిలబడింది, కూలబడింది, మళ్ళీ లేచింది. తండ్రి అక్కణ్ణుంచి చేతులు చాపి రమ్మంటున్నాడు. గజ్జెల చప్పుడుతో తూలుతూ వచ్చి బల్ల కోడు పట్టుకుంది. ఎత్తి బల్ల మీద నిలబెడితే తెర మీద ఆయన ముక్కు మీద చెయ్యి వేసింది. తరువాత తెర పక్కనుంచి తొంగిచూసి, మిగతా మనిషి కోసం వెనుక వెతికింది. అందరం నవ్వాం. అతడు నవ్వుతూ నవ్వుతూ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

ఇరవై నిమిషాలు దాటి ఉంటుంది. ట్యూబులైటు తెల్లగా మండింది, ఫ్యాను గింగిరాలు కొట్టింది. మా ఆయన స్విచ్చి దాకా వెళ్ళేలోగా టప్‌మంది. తెర నల్లబడింది. పిల్ల చెయ్యి ఇంకా తెర మీదనే ఉంది.

కరెంటు మెల్లగా మామూలుకు వచ్చింది. తల్లి బిడ్డను బల్ల మీదనుంచి ఎత్తుకొని, గజ్జె సరిచేసింది.

"సూసిండు. ఇగ సాలు అవ్వా," అంది.

మరునాడు పొద్దున మా ఆయన సిరిసిల్ల పెట్టె విప్పాడు. ఫ్యూజు తెగింది. నీలం బిళ్ళ రెండు ముక్కలైంది. పెద్ద ట్రాన్సిస్టర్లు రెండూ కాలాయి, ఇక బాగుకాదు. కంప్యూటరు బోర్డుకు మాత్రం ఏమీ కాలేదు. హార్డ్ డిస్కుకు ఏమీ కాలేదు. ఆ శుక్రవారం తీసిన ఫొటో అందులో ఉంది. తండ్రి ముఖం మీద పిల్ల అరచెయ్యి. ఆయన ఆ పగిలిన బిళ్ళను చాలాసేపు చేతిలో పెట్టుకొని చూశాడు. మంచి ఎస్ఎంపీఎస్ బతికి ఉండగా తెలియదని, పోయినప్పుడు ఏమేం మిగిల్చిందో చూసి తెలుసుకోవాలని మా బిడ్డతో అన్నాడు. ఆ తరువాత తన పరీక్షల వరుసలో తూకాన్ని మొదటినుంచి చివరికి జరిపాడు. పూర్తిగా మాత్రం మానలేదు. చేతిలో పెట్టుకొని కళ్ళు మూసుకోవడం ఆయనకు ఇష్టం.

ఇనుప పలక నా దగ్గరే ఉంది. మామిడికాయ జాడీ మూత మీద బరువు పెడతాను.

ఆ సెప్టెంబరులో పోయినవి ఇవి: ఎస్ఎంపీఎస్‌లు నాలుగు. మదర్‌బోర్డు ఒకటి. హార్డ్ డిస్కు ఒకటి, అందులో ఒక పిల్లవీ ఆమె తండ్రివీ ఫొటోలు నలభై రెండు. శుక్రవారం ఒకటి, ఇరవై మూడో తేదీది.